60 డిగ్రీల శంకువు, ధ్వని వేగం దగ్గరి ఊపు: ఒక పునఃప్రవేశ క్యాప్సూల్ కేస్ స్టడీ

మేము తయారు చేసిన క్యాప్సూల్ బరువు 95 కిలోలు, వెడల్పైన చోట దాని వ్యాసం 90 సెంటీమీటర్లు. ఒక రాకెట్ చివరి దశ తన ప్రధాన ఉపగ్రహాన్ని కక్ష్యలో వదిలిపెట్టి, తాను కిందికి దిగిపోవడానికి ఇంజన్‌ను మరోసారి మండించుకున్న తరువాత, దాని మీద ప్రయాణిస్తున్న మా క్యాప్సూల్ విడిపోయి, 120 కి.మీ. ఎత్తు దగ్గర సెకనుకు 7.7 కి.మీ. వేగంతో వాతావరణంలోకి ప్రవేశించి, పారాచూట్ మీద సముద్రంలో దిగాలి. దానికి ఇంజన్ లేదు, రెక్కలు లేవు, దిశ మార్చే ఫ్లాపులు లేవు. ఒకసారి వదిలాక అది ఎక్కడ పడుతుందో, దారిలో ఎంత ఊగుతుందో తేల్చేవి దాని ఆకృతి, లోపలి బరువుల అమరిక, వదిలిన క్షణాన ఉన్న వేగమూ కోణమూ మాత్రమే. కాబట్టి ఆకృతిని ఒక బృందం గీసి ఇచ్చాక గమన ప్రణాళికను మరో బృందం వేసుకునే పద్ధతి ఇలాంటి వాహనానికి కుదరదు. ఈ సంగతి మొదటి రోజే తెలుసని మేమందరం అనుకున్నాం. నిజంగా తెలిసివచ్చింది మాత్రం పద్నాలుగు నెలల తరువాత.

ప్రయోగానికి రెండు లక్ష్యాలు పెట్టుకున్నాం. కొత్తగా తయారైన అబ్లేటివ్ (తాను మాడి అరిగిపోతూ వేడిని మోసుకుపోయే) ఉష్ణకవచాన్ని అసలైన పునఃప్రవేశంలో పరీక్షించి, ఒడ్డుకు తెచ్చి, ముక్కలుగా కోసి ఎంత లోతు వరకు మాడిందో చూడడం మొదటిది. హైపర్‌సానిక్ (ధ్వని కన్నా ఎన్నో రెట్ల వేగం) నుంచి సబ్‌సానిక్ (ధ్వని కన్నా తక్కువ వేగం) దాకా క్యాప్సూల్ ఎలా కదిలిందో కొలిచి, మా ఏరోడైనమిక్ డేటాబేస్‌ను, అంటే ఒక్కో వేగం దగ్గర గాలి బలాలు ఎంతో చెప్పే పట్టికను, సరిచూసుకోవడం రెండోది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు రావచ్చని లక్ష్యాల పత్రం మీద సంతకాలు చేసిన నాడు మాలో ఎవరికీ తోచలేదు. ఏరోడైనమిక్స్ బాధ్యత నాది కనుక ఈ కేసును నా వైపు నుంచి రాస్తున్నాను. అంకెలను గుండ్రం చేశాను గానీ, వాటి వెనక ఉన్న తర్కాన్ని తగ్గించలేదు.

మొద్దు ఆకృతి, ప్రవేశ కోణం

వేడిని తట్టుకోవాలంటే వాహనం మొద్దుగా ఉండాలన్న ఆలోచన 1951లో అమెరికాలోని నాకా సంస్థకు చెందిన ఏమ్స్ ప్రయోగశాలలో హెచ్. జూలియన్ అలెన్‌కు వచ్చింది. మొన తేలిన ఆకృతికి షాక్ తరంగం (ముందున్న గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయే పొర) దగ్గరగా అంటిపెట్టుకుని ఉంటుంది కనుక వేడిలో పెద్ద వాటా ఉపరితలంలోకే దిగుతుంది. మొద్దు ఆకృతి ముందు షాక్ దూరంగా, బలంగా నిలబడుతుంది. వాహనం కోల్పోయే గతిశక్తిలో అధిక భాగం ఆ షాక్ వెనక గాలిని వేడిచేయడానికి ఖర్చయి, ఆ గాలితో పాటే పక్కలకు కొట్టుకుపోతుంది. అలెన్, ఆల్ఫ్రెడ్ ఎగ్గర్స్ కలిసి ఇచ్చిన సరళమైన విశ్లేషణతోనే నేను ఈనాటికీ ఏ పునఃప్రవేశ లెక్కనైనా మొదలుపెడతాను. కంప్యూటర్ నుంచి వచ్చిన ఫలితం దానికి చాలా దూరంగా ఉంటే ముందుగా కంప్యూటర్‌కు ఇచ్చిన అంకెలనే అనుమానిస్తాను.

ఆ విశ్లేషణలో కొత్తవారిని ఆశ్చర్యపరిచే విషయం ఒకటుంది. లిఫ్ట్ (గమన దిశకు అడ్డంగా నెట్టే గాలి బలం) లేకుండా దాదాపు సరళరేఖలో దిగే వాహనం ఎదుర్కొనే గరిష్ఠ మందగమనం దాని బరువు మీద గానీ ఆకృతి మీద గానీ ఆధారపడదు. ప్రవేశ వేగం, ప్రవేశ కోణం (పథం క్షితిజానికి ఎంత కిందికి వంగి ఉందన్నది), ఎత్తుతో గాలి సాంద్రత తగ్గే తీరు, ఈ మూడే దాన్ని నిర్ణయిస్తాయి. బరువూ ఆకృతీ తేల్చేది ఆ గరిష్ఠం ఏ ఎత్తులో వస్తుందన్నది. మా వేగానికి 4 డిగ్రీల కోణంలో దిగితే సుమారు 11 జి (జి అంటే భూ గురుత్వ త్వరణం), 5 డిగ్రీలకు 14 జి, 6 డిగ్రీలకు దాదాపు 17 జి వస్తాయి. లోపల మనిషి లేడు కాబట్టి 14 జి మాకు భయపెట్టే అంకె కాలేదు.

5 డిగ్రీలను ఎంచుకోవడానికి బలమైన కారణాలు వేరే ఉన్నాయి. కోణం తగ్గే కొద్దీ ఉష్ణప్రవాహపు గరిష్ఠం తగ్గుతుంది, కానీ వేడిలో గడిపే సమయం పెరుగుతుంది. 3 డిగ్రీలకు దిగితే ముక్కు మీద గరిష్ఠ ఉష్ణప్రవాహం చదరపు మీటరుకు 2 మెగావాట్ల నుంచి 1.6 మెగావాట్లకు తగ్గినా, కవచంలోకి చేరే మొత్తం వేడి దాదాపు 30 శాతం పెరుగుతుంది, అందుకు తగ్గట్టు కవచం మందమూ పెరగాలి. అంతకన్నా పెద్ద చిక్కు దిగే చోటు విషయంలో వచ్చింది. 3 డిగ్రీల దగ్గర ప్రవేశ కోణంలో 0.1 డిగ్రీ తేడా వస్తే దిగే బిందువు 50 కి.మీ.కు పైగా జరుగుతుంది. 5 డిగ్రీల దగ్గర అదే తేడా 20 కి.మీ. చుట్టుపక్కల ఆగుతుంది. రాకెట్ దశ ఎంత కచ్చితంగా మండి ఆగుతుందన్నది మా చేతిలో లేదు. మన అధీనంలో లేని పొరపాటు ఎక్కడ తక్కువ నష్టం చేస్తుందో అక్కడికి ప్రణాళికను జరపడమే మేము చేయగలిగింది.

45 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు

మొదటి నమూనా 45 డిగ్రీల అర్ధకోణం (అక్షానికీ శంకువు గోడకూ మధ్య కోణం) ఉన్న గోళ-శంకువు, అంటే మొనను గోళంలా గుండ్రం చేసిన శంకువు. స్థిరత్వం బాగుంటుందని దాన్ని తీసుకున్నాం. పని సాగే కొద్దీ బరువు పెరిగింది, బ్యాటరీలు పెద్దవయ్యాయి, తేలియాడే సంచికి గ్యాస్ సీసా వచ్చి చేరింది. బరువు పెరిగితే బాలిస్టిక్ గుణకం పెరుగుతుంది, అంటే బరువును డ్రాగ్ గుణకం (ఆకృతిని గాలి ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె), ముందు వైశాల్యాల లబ్ధంతో భాగిస్తే వచ్చే అంకె. అది పెరిగితే వాహనం తన వేగాన్ని పలుచని పై గాలిలో వదిలించుకోలేక మరింత చిక్కని గాలిలోకి మోసుకొస్తుంది. 45 డిగ్రీల ఆకృతికి ఆ గుణకం చదరపు మీటరుకు 142 కిలోలు వచ్చింది. 60 డిగ్రీలకు మారితే డ్రాగ్ గుణకం 1.05 నుంచి 1.5కు పెరిగి అది 100కు తగ్గుతుంది. ఉష్ణప్రవాహం ఈ గుణకపు వర్గమూలంతో మారుతుంది కనుక ముక్కు వ్యాసార్ధం అదే ఉన్నా 45 డిగ్రీల ఆకృతి మీద 19 శాతం ఎక్కువ పడుతుంది. ఉష్ణకవచ బృందం అడిగింది ఇదే, నేనూ ఒప్పుకున్నాను.

ఇక్కడ స్థిరత్వం గురించి కొంచెం ఆగి చెప్పాలి. న్యూటన్ పద్ధతిలో (గాలి కణాలు ముఖాన్ని నేరుగా ఢీకొంటాయనుకునే సరళమైన లెక్కలో) చూస్తే, 60 డిగ్రీల పదునైన శంకువు పొడవు దాని వ్యాసంలో 0.29 వంతు మాత్రమే ఉంటుంది, పీడన కేంద్రం మాత్రం మొన నుంచి 0.77 వ్యాసాల వెనక పడుతుంది. అంటే గాలి బలం పనిచేసే బిందువు శంకువు అంచును దాటి, ఎంతో వెనక, ఖాళీ చోట ఉంటుంది. శంకువు ముఖం మీద పీడనం ప్రతిచోటా ఉపరితలానికి లంబంగా నెడుతుంది. అంత విశాలమైన ముఖానికి గీసిన లంబాలు అక్షాన్ని చాలా వెనక కలుస్తాయి. అందుకే ఇంత పొట్టి వాహనంలో గురుత్వ కేంద్రం 0.30 వ్యాసాల దగ్గర ఉన్నా అది ముక్కు ముందుకు పెట్టుకునే ఎగురుతుంది. ఇంజనీరింగ్ విద్యార్థులకు నేను ఈ బొమ్మనే బోర్డు మీద గీసి చూపిస్తాను. దాన్ని చూశాక, మొద్దు వాహనం తనంతట తాను ఎలా నిలదొక్కుకుంటుందని ఎవరూ మళ్లీ అడగరు.

గురుత్వ కేంద్రం అక్షం మీద ఉండడం కూడా అంతే ముఖ్యం. అది పక్కకు 2 మిల్లీమీటర్లు జరిగితే హైపర్‌సానిక్‌లో మా క్యాప్సూల్ డిగ్రీకి కొంచెం తక్కువ కోణంలో వంగి నిలబడుతుంది. ఆ చిన్న వంపు చిన్న లిఫ్ట్‌ను పుట్టిస్తుంది. వాహనం తన చుట్టూ తాను తిరగకపోతే ఆ లిఫ్ట్ దారి పొడవునా ఒకే వైపు లాగి దిగే బిందువును మారుస్తుంది. అందుకే విడిపోయేటప్పుడు నిమిషానికి 15 చుట్ల వేగంతో తిప్పి వదలాలని నిర్ణయించాం. ఇంకా వేగంగా తిప్పితే మంచిది కదా అని విడివడే యంత్రాంగం తయారుచేసినవారు అడిగారు. మరీ వేగంగా తిరిగే వస్తువు తన దిశను వదలదు. చివర్లో పథం నిటారుగా కిందికి వంగుతున్నప్పుడు ముక్కు పథంతో పాటు వంగాలి కనుక 15 దగ్గరే ఆగాం.

హైపర్‌సానిక్ భాగంలో మా జాగ్రత్తలు

మా శ్రమలో సగానికి పైగా ఈ భాగం మీదే పోయింది, దానికి కారణం చరిత్రలో ఉంది. 1981 ఏప్రిల్ 12న ఎగిరిన మొదటి స్పేస్ షటిల్ తిరిగి వస్తున్నప్పుడు, ముక్కును సమతూకంలో ఉంచడానికి వెనక ఉన్న బాడీ ఫ్లాప్ సుమారు 7.5 డిగ్రీలు దిగితే చాలని అంచనా ఉంటే, అది 16 డిగ్రీల దాకా దిగవలసి వచ్చింది. విండ్ టన్నెల్‌లోని గాలి చల్లని ఆదర్శ వాయువు. అసలు పునఃప్రవేశంలో షాక్ వెనక ఆక్సిజన్ అణువులు, ఆపైన నైట్రోజన్ అణువులు పరమాణువులుగా విడిపోతాయి. దాంతో పీడనం పంపిణీ మారి, ముక్కును పైకి లేపే భ్రామకం ఊహించినదాని కంటే ఎక్కువైంది. ఫ్లాప్‌కు ఇంకా కదిలే అవకాశం ఉండబట్టి సరిపోయింది. మా క్యాప్సూల్‌కు కదపడానికి ఫ్లాపే లేదు.

మా 60 డిగ్రీల కోణం ఈ విషయంలో ఇబ్బందికరమైన చోట ఉంది. ఆదర్శ వాయువులో ఎంత వేగమైనా సరే సుమారు 57.5 డిగ్రీలకు మించిన శంకువుకు షాక్ అంటుకుని ఉండలేదు. కాబట్టి ముఖం అంతటా ప్రవాహం సబ్‌సానిక్‌గా ఉండి, భుజం (శంకువు ముఖం ముగిసే చోటు) అంచు దగ్గరే ధ్వని వేగాన్ని అందుకుంటుంది. అణువులు విడిపోయిన వేడి గాలిలో ఆ హద్దు పైకి జరుగుతుంది. అప్పుడు ధ్వని రేఖ (ప్రవాహం ధ్వని వేగాన్ని అందుకునే గీత) భుజం నుంచి ముక్కు దగ్గరికి, మొదట గాలి తక్కువ తగిలే వైపున, జారుతుంది. వాహనం వేగం తగ్గి గాలి చల్లబడే కొద్దీ తిరిగి భుజానికి వస్తుంది. ఆ జారే సమయంలో స్థిరత్వం సన్నగిల్లుతుంది. అందువల్ల రసాయన చర్యలతో కూడిన ప్రవాహ లెక్కలను పథం మీద పన్నెండు బిందువుల దగ్గర, ఒక్కోచోట నాలుగు కోణాలకు చేసి డేటాబేస్‌లో పెట్టాం. గరిష్ఠ ఉష్ణప్రవాహం 58 కి.మీ. దగ్గర సెకనుకు 6.5 కి.మీ. వేగంలో, గరిష్ఠ మందగమనం 48 కి.మీ. దగ్గర సెకనుకు 4.7 కి.మీ. వేగంలో వస్తాయని తేలింది. రెండు చోట్లా స్థిరత్వం నిలిచింది. ఆ నివేదిక ఇచ్చిన రోజున నా పని అయిపోయిందనే అనుకున్నాను.

సమస్య

తొలి ప్రణాళికలో పారాచూట్ మాక్ 0.6 (ధ్వని వేగంలో 0.6 వంతు) దగ్గర తెరుచుకోవాలి. సబ్‌సానిక్ పారాచూట్ చవక, పరీక్షించడం తేలిక, దాని మీద అనుభవమూ ఎక్కువ. మాక్ 1.4 నుంచి 0.6 దాకా క్యాప్సూల్ ఒంటరిగా పడుతుంది. ఆ భాగం అర నిమిషం లోపు, వేడి ఏమీ లేదు, మందగమనం 2 జి లోపే. డేటాబేస్‌లో ఆ భాగానికి డ్యాంపింగ్ (గాలి ఊపును అణచే గుణం) విలువలను 45 డిగ్రీల పాత నమూనా నుంచి తెచ్చి పెట్టుకుని, తరువాత మారుద్దామని పక్కన గుర్తు వేసుకున్నాం. ఆ గుర్తు అలాగే ఉండిపోయింది. ఆకృతి మారిన నాడే నేను దాన్ని తిరిగి తెరవాల్సింది, తెరవలేదు. ఈ కేసులో నా తప్పు అదే.

బాలిస్టిక్ రేంజ్‌లో పరీక్షలు జరిగాక విషయం బయటపడింది. అక్కడ ఏడు సెంటీమీటర్ల నమూనాను తుపాకీ నుంచి పేల్చి, అది స్వేచ్ఛగా ఎగురుతుండగా వరుసగా అమర్చిన కెమెరాలతో నీడ చిత్రాలు తీస్తారు. విండ్ టన్నెల్‌లో నమూనాను వెనక నుంచి స్టింగ్ కడ్డీ పట్టుకుని ఉంటుంది, వాహనం వెనక సుడి ప్రవాహాన్ని ఆ కడ్డీయే పాడుచేస్తుంది. స్వేచ్ఛగా ఎగిరే నమూనాకు ఆ బెడద లేదు. మాక్ 2.5 దగ్గర పేల్చిన నమూనా ఊపు క్రమంగా తగ్గింది. మాక్ 1.2 దగ్గర పేల్చిన దాని చిత్రాలను బల్ల మీద వరుసగా పరిచి కోణాలు కొలిచాను. మొదటి ఊపు 5 డిగ్రీలు, తరువాతిది అంతకన్నా ఎక్కువ, ఆ తరువాతిది ఇంకా ఎక్కువ. స్కేలు పక్కన పెట్టి మళ్లీ మొదటి చిత్రం నుంచి కొలుచుకుంటూ వచ్చాను, తేడా ఏమీ రాలేదు. ముక్కు ముందుకే ఉంది, స్థైతిక స్థిరత్వానికి (పక్కకు వంగితే ముక్కును తిరిగి ముందుకు తిప్పే గుణానికి) లోటు లేదు, కానీ ప్రతి ఊపుకూ కోణం పెరుగుతోంది.

దీని వెనక ఉన్నది క్యాప్సూల్ వెనక తిరిగే సుడి ప్రవాహం. క్యాప్సూల్ ఒక వైపు ఊగినప్పుడు ఆ సుడిలోని పీడనం వెంటనే మారదు, కొంచెం ఆలస్యంగా మారుతుంది. ధ్వని వేగం దగ్గర ఆ ఆలస్యం ఊపుతో కలిసి, ఉయ్యాల తిరిగివచ్చే క్షణానికి సరిగ్గా వెనక నుంచి తోసినట్టు, ప్రతిసారీ కొంత శక్తిని ఊపులోకి చేరుస్తుంది. వెడల్పైన, పొట్టి ఆకృతులకు ఇది ఎక్కువ. డ్రాగ్ కోసం మేము 60 డిగ్రీలను ఎంచుకున్నప్పుడే ఈ లక్షణాన్నీ దానితో పాటు తెచ్చుకున్నాం.

రెండో కారణం పథంలోనే ఉంది. డ్యాంపింగ్ అసలు లేకపోయినా, గతిజ పీడనం (ఎదురొచ్చే గాలి వేగం వల్ల పడే పీడనం) పెరుగుతున్నంత సేపూ ఊపు కోణం తగ్గుతుంది, పీడనం తగ్గుతుంటే పెరుగుతుంది. కోణం ఆ పీడనపు నాలుగో మూలానికి విలోమంగా మారుతుంది. మా గతిజ పీడనం గరిష్ఠంగా 13,500 పాస్కల్స్ ఉండి, ధ్వని వేగం దగ్గరికి వచ్చేసరికి 1,250కి పడిపోతుంది. ఆ ఒక్క కారణంతోనే 2 డిగ్రీల ఊపు 3.6 డిగ్రీలు అవుతుంది. ఆపైన ట్రాన్సానిక్ (ధ్వని వేగం చుట్టుపక్కల) భాగంలో సుమారు 1.7 సెకన్లకు ఒక ఊపు చొప్పున పదిహేను ఊపులు. కొత్త డ్యాంపింగ్ విలువలతో కోణం ఇంకో రెండున్నర రెట్లు దాటుతుంది. సగటు పథంలో 9 డిగ్రీలకు కొంచెం పైగా ఊపుతో బయటపడతాం. విడిపోయేటప్పుడు పడిన కుదుపు ఎక్కువై గరిష్ఠ పీడనం దగ్గర ఊపు 6 డిగ్రీలుంటే, అదే లెక్కలో 28 డిగ్రీలు వస్తుంది. పారాచూట్‌ను విసిరే మోర్టార్‌కు మేము పెట్టుకున్న హద్దు 20 డిగ్రీలు. అది దాటితే తాళ్లు క్యాప్సూల్ వెనక అంచుకు చుట్టుకునే ప్రమాదం ఉంది.

నిర్ణయం

తిరిగి 45 డిగ్రీలకు వెళ్లే సమయం లేదు, కవచపు అచ్చులు అప్పటికే తయారయ్యాయి. మిగిలినవి రెండు దారులు. గురుత్వ కేంద్రాన్ని ముందుకు జరపడం మొదటిది. 0.30 వ్యాసాల నుంచి 0.27కు, అంటే 27 మిల్లీమీటర్లు. వినడానికి చిన్న అంకె. 12 కిలోల బ్యాటరీ పెట్టెను 15 సెంటీమీటర్లు ముందుకు తెచ్చి, ముక్కు దగ్గర 3 కిలోల టంగ్‌స్టన్ పెడితే గానీ కుదరలేదు. బ్యాటరీ కవచానికి దగ్గరైంది. పునఃప్రవేశం ముగిశాక కూడా కవచంలో నిల్వ ఉన్న వేడి లోపలికి ఇంకుతూనే ఉంటుంది కనుక, నీళ్లలో పడి చల్లబడే దాకా బ్యాటరీని కాపాడడానికి దాని కింద మరో ఇన్సులేషన్ పొర వేశాం.

అది ఊపు పెరుగుదలను తగ్గించింది, ఆపలేదు. దాంతో రెండో దారి తప్పనిసరైంది: మాక్ 1.4 దగ్గరే, సుమారు 29 కి.మీ. ఎత్తులో, చిన్న సూపర్‌సానిక్ డ్రోగ్ పారాచూట్‌ను, అంటే ధ్వని కన్నా వేగంగా పోతున్నప్పుడే తెరుచుకుని వాహనాన్ని నిలకడగా పట్టే చిన్న పారాచూట్‌ను, తెరవడం. 2006 జనవరి 15న దిగిన నాసా స్టార్‌డస్ట్ క్యాప్సూల్‌ది కూడా 60 డిగ్రీల శంకువే, అదీ డ్రోగ్‌ను సూపర్‌సానిక్‌లోనే తెరిచింది. డ్రోగ్ వెనక నుంచి పట్టి లాగుతుంటే ట్రాన్సానిక్‌లో ఊపు పెరగదు. పారాచూట్ బృందానికి ఇది ఎనిమిది నెలల అదనపు పని, వారు సణగకుండా చేశారు.

దీనికి చెల్లించిన మూల్యం వేరే ఉంది. మా రెండో లక్ష్యం క్యాప్సూల్ కదలికను అన్ని మాక్ సంఖ్యల దగ్గరా కొలవడం. డ్రోగ్ తెరిచాక కొలిచేది క్యాప్సూల్, డ్రోగ్ కలిసిన జంట కదలికను. ఎవరి దగ్గరా తగినంత లేని డేటా సరిగ్గా ట్రాన్సానిక్‌దే, మేము దాన్నే వదులుకుంటున్నాం. ఒక సమావేశంలో నేనే దీన్ని గట్టిగా వ్యతిరేకించాను. డ్రోగ్‌ను మాక్ 1.1 దాకా ఆపుదామని, అప్పటికి ఐదారు ఊపుల డేటా అయినా దొరుకుతుందని వాదించాను. పారాచూట్ బృందంలోని సీనియర్ ఇంజనీరు ఒకరు నన్ను ఒకే ప్రశ్న అడిగారు: "క్యాప్సూల్ తిరిగి రాకపోతే ఆ ఐదారు ఊపులు ఎందులో రాసి ఉంటాయండీ?" రికార్డర్ క్యాప్సూల్ లోపలే ఉంది. 1996 ఫిబ్రవరిలో జపాన్ ఎగరేసిన హైఫ్లెక్స్ అనే పునఃప్రవేశ ప్రయోగ వాహనం అనుకున్నట్టే ఎగిరి, సముద్రంలో దిగాక మునిగిపోయింది. టెలిమెట్రీ (రేడియోలో పంపిన) డేటా చేతికొచ్చినా వాహనం రాలేదు. మాకు కోసి చూడవలసిన కవచం ఉంది. ఓటు డ్రోగ్ వైపే వేశాను.

మాక్ 1.4 అని ఎలా తెలుస్తుంది

క్యాప్సూల్‌లో వేగం కొలిచే పరికరం లేదు. మందగమనం గరిష్ఠాన్ని దాటి తగ్గుతూ 3 జికి వచ్చినప్పుడు టైమర్ మొదలై, సుమారు 30 సెకన్ల తరువాత మోర్టార్‌ను పేల్చాలి. ఈ పద్ధతిలో ఒక సుగుణం ఉంది. సాంద్రత అంచనా కంటే ఎక్కువైనా తక్కువైనా 3 జి సంఘటన కూడా దానితో పాటే జరుగుతుంది కనుక, 60 నుంచి 80 కి.మీ. మధ్య గాలి సాంద్రతలో ఉండే పెద్ద అనిశ్చితిలో చాలా భాగం దానంతటదే రద్దవుతుంది. విడిపోయిన క్షణం నుంచి లెక్కపెట్టే గడియారానికి ఈ గుణం లేదు. అయినా దాన్ని రెండో ఆసరాగా ఉంచి, మూడోదిగా 6 కి.మీ. దగ్గర పనిచేసే పీడన స్విచ్ పెట్టాం.

2004 సెప్టెంబర్ 8న నాసా జెనిసిస్ క్యాప్సూల్ గంటకు 310 కి.మీ. వేగంతో నేలను తాకింది. మందగమనాన్ని గుర్తించే స్విచ్‌లు తలకిందులుగా అమరి ఉండడంతో పారాచూట్ క్రమం మొదలే కాలేదు. ఈ ఒక్క కారణంతో మేము పరికరాన్ని విడిగా పరీక్షించి సంతృప్తి పడలేదు. ఎగరబోయే పెట్టెను, ఎగరబోయే తీగలతో, ఎగరబోయే దిశలోనే సెంట్రిఫ్యూజ్ మీద బిగించి, 14 జి దాకా పెంచి, లెక్కలో వచ్చిన వక్రరేఖ ప్రకారమే తగ్గించాం. మోర్టార్ స్థానంలో పెట్టిన చిన్న బల్బు వెలగాలి. మొదటిసారి వెలగలేదు. అమరిక దిశ సరిగ్గానే ఉంది. ఊపు వల్ల సిగ్నల్ 3 జి దగ్గర పైకీ కిందికీ దాటుతుంటే, సాఫ్ట్‌వేర్ ప్రతిసారీ టైమర్‌ను తిరిగి సున్నా నుంచి మొదలుపెడుతోంది. సెంట్రిఫ్యూజ్ చేతి కంపనమే మాకు ఆ ఊపును ఇచ్చింది. ఒకసారి దాటాక మళ్లీ వెనక్కి చూడకుండా సాఫ్ట్‌వేర్ మార్చాం. నాలుగో రౌండులో ఆ బల్బు వెలిగినప్పుడు గదిలో ఎవరూ మాట్లాడలేదు.

గాలి, దిగే చోటు

డ్రోగ్ ముందే తెరవడం వల్ల 29 కి.మీ. నుంచి 3 కి.మీ. దాకా దిగడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ దారిలో 10 నుంచి 14 కి.మీ. మధ్య జెట్ ప్రవాహం ఉంటే పది కి.మీ. వరకు కొట్టుకుపోవచ్చు. డ్రోగ్‌ను వీలైనంత చిన్నగా ఉంచి, ప్రధాన పారాచూట్‌ను 3 కి.మీ. దాకా తెరవకపోవడం అందుకే. ప్రయోగం రోజున రేడియోసోండ్ బెలూన్ ఇచ్చిన గాలి కొలతలతో క్యాప్సూల్ దిగే అవకాశమున్న దీర్ఘవృత్తాకార ప్రాంతాన్ని మళ్లీ గీసి, దాన్ని సముద్రం నుంచి ఎత్తుకొచ్చే ఓడకు పంపాం. విమానాలకూ ఓడలకూ ముందుగా ప్రకటించిన నిషేధ ప్రాంతం మాత్రం పారాచూట్ అసలు తెరుచుకోకపోయినా సరిపడేంత పెద్దది.

గమనం, ఆ తరువాత

రేడియో సిగ్నల్ 80 కి.మీ. దిగువన ప్లాస్మా (వేడికి విద్యుదావేశం పొందిన గాలి) వల్ల ఆగిపోయి, 45 కి.మీ. దాటాక తిరిగి అందింది. గరిష్ఠ మందగమనం 14 జికి కొంచెం తక్కువ. గరిష్ఠ పీడనం దగ్గర ఊపు 3 డిగ్రీలు. డ్రోగ్ తెరిచే క్షణానికి అది 6 డిగ్రీలు దాటి, పెరుగుదల అప్పటికే మొదలై ఉంది. లెక్క ప్రకారం ఆ పెరుగుదల మాక్ 1.4 కంటే దిగువన రావాలి, గమనంలో మాక్ 1.7 దగ్గరే కనిపించింది. దిగిన బిందువు అంచనాకు 11 కి.మీ. దూరం, అందులో ఎక్కువ భాగం గాలిది.

ఓడ డెక్ మీద క్యాప్సూల్‌ను దించినప్పుడు నేను మొదట చూసింది భుజం అంచును. చేతి తొడుగు వేసుకుని చుట్టూ తడిమాను. మూడు వంతుల చుట్టుకొలతలో మాడిన పొర ఒకే తీరుగా గరుకుగా ఉంది, ఒకచోట జానెడు పొడవున మెత్తగా, కొంచెం లోతుగా తగిలింది. తరువాత కోసి కొలిస్తే అక్కడ అరిగినది మిగతా చోట్ల కంటే 1.5 మిల్లీమీటర్లు ఎక్కువ. కవచపు రెండు పలకలు కలిసే అతుకు దానికి సరిగ్గా ఎగువన ఉంది. ముక్కు మీద పెట్టిన ఐదు పీడన రంధ్రాలలో ఒకటి కరిగి గట్టిపడిన రెసిన్‌తో మూసుకుపోయింది, దాని కొలతలను 52 కి.మీ. తరువాత వాడలేదు.

ఇప్పుడు డేటాబేస్‌లో మాక్ 1.7 నుంచి 1.4 దాకా గమనంలో కొలిచిన డ్యాంపింగ్ విలువలు ఉన్నాయి, దిగువ భాగం బాలిస్టిక్ రేంజ్ నమూనాల మీదే ఆధారపడి ఉంది. తరువాతి క్యాప్సూల్‌కు నేను పెట్టిన ప్రతిపాదనలో శంకువు 60 డిగ్రీలే, గురుత్వ కేంద్రం 0.26 వ్యాసాలు, డ్రోగ్ మాక్ 1.8 దగ్గర తెరుచుకుంటుంది. దానితో పాటు 30 సెంటీమీటర్ల చిన్న క్యాప్సూల్ ఒకటి బెలూన్ నుంచి చిన్న రాకెట్ మోటారుతో మాక్ 1.5 దాకా వెళ్లి, పారాచూట్ ఏదీ లేకుండా పడుతూ, తన ఊపులను రేడియోలో పంపుతుంది. దాన్ని తిరిగి తెచ్చుకోవలసిన అవసరం లేదు.